ఇద్దరు పట్టే మోటారు

తెల్లవారగానే కుడితి కుండ చంకనెత్తుకుని కొట్టంలోకి పోవడం అంజవ్వకు తొమ్మిదేళ్ళ అలవాటు. ఆ పొద్దు కూడా అలాగే పోయింది. గుంజలకు కట్టిన పలుపుతాళ్ళు ఖాళీగా వేలాడుతున్నాయి. పేడ వాసన రావలసిన చోట పెట్రోలు వాసన వస్తోంది. ఎద్దులు రెండూ నిలబడే జాగాలో ఎర్ర రంగు మోటారు ఒకటి నిలబడి ఉంది. పైకప్పు లేదు, వెనక సీటు లేదు. ముందర ఇంజను మూతకు తోలుపట్టా బిగించి ఉంది.

అంజవ్వ ఒక నిమిషం అక్కడే నిలబడి, కుండను పక్కింటి బర్రె తొట్టిలో ఒంపి తిరిగి వచ్చింది.

పొయ్యి దగ్గర కూర్చున్న తమ్ముని భార్య గంగామణి చూసింది. "ఇయ్యాల గూడ పోయినవా వదినె?"

"కాళ్ళకు చెప్పిన గాని అవి ఇంటలేవు" అంది అంజవ్వ, చేతులు కడుక్కుంటూ.

గంగామణి పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. ఎద్దుల్ని అమ్మి అప్పటికి పన్నెండు రోజులు. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా కొట్లాడుకోలేదు, ఎవరూ మనసారా మాట్లాడుకోనూ లేదు.

అంజవ్వ తమ్ముడు కాశీరాంది బాన్సువాడలో నలుగురిలో మంచి పేరున్న రైతు కుటుంబం. నిజాంసాగర్ కట్టాక కాలువ నీళ్ళు అతని పొలం గట్టు మీదుగానే పారాయి. జొన్న పండే నేలలో వరి పండింది, వరి తర్వాత చెరుకు వచ్చింది. బోధన్‌లో షక్కర్ ఫ్యాక్టరీ పెట్టాక చెరుకు అమ్ముకోవడానికి తిప్పలు కూడా తప్పాయి. ముప్పై అయిదేళ్ళ కాశీరాం చేతిలో మొట్టమొదటిసారి ఖర్చులు పోగా మిగిలిన పైకం కనిపించింది.

కాలువల మీద పనిచేసే ఇంజనీరు హరనాథబాబుకు ఈ ఎర్ర మోటారు ఉండేది. మూడేళ్ళుగా కాశీరాం దాన్ని చూస్తూనే ఉన్నాడు. చెరుకుతోటలో నిలబడి ఉంటే కాలువగట్టు మీద అది దుమ్ము లేపుకుంటూ పోయేది. కనుమరుగయ్యేదాకా చేతిలో కొడవలి పట్టుకుని అలాగే చూసేవాడు. హరనాథబాబుకు హైదరాబాదు బదిలీ అయి మోటారు అమ్మకానికి పెట్టాడని తెలిసిన రోజు కాశీరాంకు అన్నం సహించలేదు. ఉన్న పైకం చాలలేదు. ఎద్దుల జతనూ, అవి లాగే సవారి కచ్చరాన్నీ కలిపి పెద్ద కొడప్‌గల్ రైతు లక్‌పతికి అమ్మేశాడు.

ఆ రోజు అంజవ్వ ఇంట్లో లేదు. కోటగిరిలో రెండో చెల్లెలు పోచవ్వ కూతురు రుక్మకు లగ్గం నిశ్చయమైతే, పసుపు దంచడానికి పోయింది. తిరిగి వచ్చేసరికి కొట్టం ఖాళీ.

"అమ్మినవా?" అని అడిగింది.

"అమ్మిన" అన్నాడు కాశీరాం, ఆమె మొహం చూడకుండా.

అంతే. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ పొద్దు జొన్నరొట్టె ముందు పెట్టుకుని కూర్చున్న కాశీరాంను గంగామణే కదిలించింది. "ఎల్లుండి రుక్మ లగ్గం. మనం ఎంతమందిమో ఎరుకేనా? నువ్వు, నేను, పిల్లలిద్దరు, చిన్నవ్వ, వదినె. ఆరుగురం. నీ మోటార్ల పట్టేది ఇద్దరు."

"మూడుసార్లు తిప్పుత. నువ్వు చిన్నదాన్ని ఒళ్ళె కూసోబెట్టుకో. పెద్దది చిన్నవ్వతోని వస్తది. అక్కను ఆఖరుకు తెస్త."

"గదేందో ఒక కిరాయి బండి మాట్లాడరాదా? అందరం ఒక్కసారే పోతుంటిమి."

కాశీరాం రొట్టె కింద పెట్టాడు. "ఇంట్ల మోటారు పెట్టుకొని కిరాయి బండి ఎక్కితే ఊరంత నవ్వదా? పొద్దుగాల బయలెల్లితే మధ్యాన్నం లగ్గానికి అందరం ఆడనే ఉంటం. ఫికర్ జెయ్యకు."

"ఆడోళ్ళకు ఉన్న ఒక్క కచ్చరం పాయె" అంది గంగామణి పొయ్యిలోకి చూస్తూ. "సంతకు పోవాలన్నా, చుట్టాలింటికి పోవాలన్నా ఇగ ఒక్కొక్కరం వంతులేసుకోవాలె."

గడప అవతల నుంచి అంజవ్వ గొంతు వినిపించింది. "గంగామణీ, కానీయే. నన్ను ఆఖరుకే తీస్కపోనీ. ఇల్లు సదిరి తాళమేసి వస్త."

ఆ మాటలో కోపం లేదు. అదే కాశీరాంకు ముల్లులా గుచ్చుకుంది.

లగ్గం రోజు పొద్దు పొడవకముందే మొదటి తిరుగుడు మొదలైంది. గంగామణి కొంగు తలచుట్టూ బిగించి, చిన్న కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపంగా ఎక్కిన మనిషే, ఊరు దాటి చెరుకుతోటల మధ్య చల్లటి గాలి మొహానికి కొట్టేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. "జర మెల్లగ! నా కొంగు ఎగిరిపోతుంది!" అంటూనే, "ఇంకింత ఉరికియ్యరాదు" అంది. కాశీరాంకు ప్రాణం లేచి వచ్చింది.

అతనికి బండి నడపడం హరనాథబాబు దగ్గర పనిచేసే డ్రైవరు నాలుగు రోజుల్లో నేర్పాడు. గేర్లు మార్చేటప్పుడు ఎడమకాలితో క్లచ్చి తొక్కాలని చెప్పాడు. ఎప్పుడు మార్చాల్సి వస్తుందోనన్న భయంతో కాశీరాం ఆ కాలును పెడలు మీదే ఉంచేవాడు. బండెద్దులు బెదరకుండా పగ్గాలు ఎప్పుడూ చేతిలో ఉంచుకున్నట్టు, ఆ పెడలు కాలి కింద ఉంటేనే అతనికి ధైర్యం.

రెండో తిరుగుడులో పెద్ద కూతురూ, అతని చిన్నాయన భార్య అయిన ముసలి చిన్నవ్వా ఎక్కారు. బాట బాగాలేదు. బండ్ల చక్రాలు కోసిన గాడుల్లో ఇసుక నిండి ఉంది. సగం దారిలో చిన్నవ్వ ముక్కు ఎగబీల్చింది.

"కాశీ, ఏందో మాడుతుందిరా. పొయ్యి మీద ఏమన్న ఇడిసిపెట్టొచ్చిర్రా?"

"ఇల్లు ఎనిమిది మైళ్ళెనక ఉండె చిన్నవ్వా. నీకు ఈడిదాక వాసనొస్తుందా?"

"నవ్వకురా. మాడుతుంది. చింతంబలి అడుగంటినట్టు."

పెట్రోలు వాసన అట్లాగే ఉంటుందని ఆమెను నమ్మించాడు. అతను కూడా నమ్మాడు.

మూడో తిరుగుడు కోసం బాన్సువాడకు తిరిగి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. అంజవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లగుడ్డ మూట. అందులో రుక్మకు మేనమామ పెట్టే పట్టుచీర ఉంది. ఆ చీర కట్టుకుని, మేనమామ చెయ్యి పట్టుకునే పెళ్ళికూతురు పందిట్లోకి రావాలి. నారాయణపేటలో నేయించిన ఆ చీరను అంజవ్వే ఎంచింది. పోచవ్వ బాలింతరోగంతో మంచాన పడినప్పుడు రుక్మ రెండేళ్ళ పిల్ల. అయిదేళ్ళపాటు ఆ పిల్ల అంజవ్వ పక్కలోనే పడుకుంది.

ఆమె మోటారు ఎక్కడం అదే మొదలు. మూటను రెండు చేతుల్తో పట్టుకుని నిటారుగా కూర్చుంది. కాశీరాం ఊరు దాటేదాకా ఓపికపట్టి, "ఎట్లున్నదక్కా?" అన్నాడు.

"మంచిగున్నది" అంది.

ఇంకొక్క మాట కోసం అతను మైళ్ళ దూరం ఎదురుచూశాడు. రాలేదు.

కోటగిరి ఇంకా రెండు కోసులు ఉందనగా కాలువ వంతెన వస్తుంది. దాని మీదికి బాట బాగా ఎత్తుగా ఎక్కుతుంది. కాశీరాం ఎక్సలేటరు తొక్కాడు. ఇంజను గట్టిగా అరిచింది, కానీ బండి మెల్లబడింది. ఇంకా తొక్కాడు. అరుపు పెరిగింది. బండి ముసలెద్దులా రెండు బారలు పాకి నిలబడిపోయింది. కింద నుంచి నల్లటి పొగ, గొంతు పట్టేసే మాడు వాసన.

కాశీరాం దిగి చక్రాల చుట్టూ తిరిగాడు. చక్రాలు బాగానే ఉన్నాయి. మళ్ళీ ఎక్కి గేరు వేశాడు. ఇంజను తిరుగుతూనే ఉంది, బండి కదలలేదు.

అంజవ్వ దిగి, చెవి ఒగ్గి వింది. "ఇంజను ఉరుకుతుంది. చక్రం ఉరుకుతలేదు. నడుమ ఏదో పట్టు ఇడిసింది కాశీ."

ఆమె మంచికే అంది. కానీ ఎండ, పొగ, ముంచుకొస్తున్న ముహూర్తం, రెండు వారాల మౌనం అన్నీ కలిసి అతని నోట్లోంచి ఆ మాట ఊడిపడింది.

"ఇడువదా మరి! కొన్ననాటి సంది మొకం ముడుసుకొనే ఉన్నవు. నీ ఉసురే తగిలింది దీనికి."

అంజవ్వ మూటను రొమ్ముకు అదుముకుంది.

"నా ఉసురా?" అంది. "కాశీ, రైతు ఇంట్ల ఎద్దుల్ని కొంటరు, అమ్ముతరు. అమ్మినందుకు నేను ఏడ్వలే. కాని అవి నీ కొట్టంల పుట్టినయి కావురా. మా అత్తగారి ఊరు నిజాంసాగర్ల మునిగిననాడు, అందరు తలుపులు, దూలాలు పీకి బండ్లకెత్తుకున్నరు. మేము రెండు ఆవుల్ని, వాటెంబడి రెండు కోడెదూడల్ని తోలుకొని వచ్చినం. యాడాది తిరగలే, మీ బావ పోయిండు. ఆవులు పోయినయి. ఊరు లేదు, మనిషి లేడు. నాకు అత్తిల్లంటే మిగిలినయి ఆ రెండు ఎద్దులే."

ఆ దూడలు తన ఇంటికి వచ్చిన రోజు కాశీరాంకు గుర్తే. తర్వాత అవి పెరిగాయి, పొలం దున్నాయి, కచ్చరం లాగాయి. ఎక్కడి నుంచి వచ్చాయో అన్న సంగతి ఎప్పుడో మరచిపోయాడు.

"ఒక్కమాట అడిగితే నేనే పలుపులిప్పి నీ చేతికిచ్చేదాన్ని" అంది అంజవ్వ. "మనల కన్న అవ్వ సచ్చిపోయిననాటి సంది నిన్ను ఈ చేతులతోని పెంచిన. నాకు నువ్వెక్కువనా, ఎద్దులెక్కువనా? నువ్వు అడగలే. నేను ఇంట్ల లేని రోజు చూసి అమ్మినవు."

"నువ్వు వద్దంటవని అడగలే అక్కా."

"వద్దంటే ఆగేటోనివా?"

కాశీరాం తల వంచుకున్నాడు. "ఆగేటోన్నే. అందుకే అడగలే."

కింద కాలువలో నీళ్ళు పారుతున్నాయి. అంజవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని పొద్దు వైపు చూసింది.

"ఈడ నిలబడితే లగ్గం ఆగుతదా? నడువు. కాలువగట్టు పొంటి పోతే దగ్గర."

"ఎండల నువ్వు నడుస్తవా? నేను ఉరికి ఏదన్న బండి తెస్త."

"చెరుకు తోలే బండ్లు ఇప్పుడు యాడున్నయి? నడువంటే నడువు."

గట్టు వెంట నడిచారు. ఒక మైలు పోయాక కాశీరాం మూట అడిగాడు. ఆమె ఇవ్వలేదు. ఇంకొంచెం దూరం పోయాక ఆమె అడుగు తడబడింది. ఈసారి అతను అడగకుండానే మూట అతని చేతికి వచ్చింది. తన రుమాలు విప్పి ఆమె తల మీద వేశాడు. ఆమె కాదనలేదు.

"గంత పిచ్చి పట్టిందారా ఆ మోటారంటే?" అని అడిగింది కొంతసేపటికి.

"పట్టిందక్కా. ఎప్పుడు చూసినా మనిషి పని కోసమే పోతుండె. పొలానికి, సంతకు, కచేరికి. ఆ ఇంజనీరు ఊర్కెనే గాలికి పోయినట్టు పోతుండె. నాకు గట్ల ఒక్కసారన్న పోవాలనిపించింది."

ఆ మాట అంజవ్వ మనసుకు తగిలినట్టే ఉంది. నడక కొంచెం తేలికైంది.

పోచవ్వ ఇల్లు చేరేసరికి బ్రాహ్మణుడు ముహూర్తం మించిపోతుందని గొడవ చేస్తున్నాడు. పెళ్ళికొడుకు వాళ్ళు లేస్తూ కూర్చుంటూ ఉన్నారు. గంగామణి వాకిట్లో నిలబడి బాట వైపే చూస్తోంది. రుక్మ లోపలి గదిలో తలుపు దగ్గర కూర్చుని, "పెద్దవ్వ రాంది లేవ. మామ రాంది లేవ" అంటోందట. మోకాళ్ళదాకా దుమ్ముతో అక్కాతమ్ముళ్ళు గుమ్మంలోకి రాగానే ఆ పిల్ల సిగ్గు విడిచి పరుగున వచ్చి అంజవ్వను చుట్టేసుకుంది.

"ఏడ్వకు. కండ్ల కాటుక కారుతది" అంది అంజవ్వ, తను ఏడుస్తూ.

కాశీరాం కాళ్ళు కడుక్కుని, చీర పెట్టి, అది కట్టుకుని వచ్చిన మేనకోడలి చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించాడు. లగ్గం ఘడియ దాటకముందే జీలకర్ర బెల్లం పెట్టించారు.

మర్నాడు పెళ్ళికి వచ్చిన మగవాళ్ళు పదిమంది కలిసి మోటారును నెట్టుకొచ్చి పోచవ్వ పెరట్లో చింతచెట్టు నీడన పెట్టారు. బోధన్ నుంచి వజీర్ ఉస్తాద్ అనే మెకానిక్కు సైకిలు మీద పనిముట్ల సంచితో వచ్చాడు. గడ్డం నెరిసిన మనిషి. రెండు పూటలు బండి కింద పడుకుని విప్పి, ఒక గుండ్రటి ఇనుప పళ్ళెం బయటికి తీసి గోనెసంచి మీద పెట్టాడు.

కాశీరాంకు అడగాలంటే నామోషీ. అంజవ్వ మాత్రం అక్కడే పీట వేసుకుని కూర్చుంది. "ఏందిది ఉస్తాదూ?"

"గిదే అమ్మా క్లచ్చి ప్లేటు. దీని మీద రెండు దిక్కుల పట్టీ ఉంటది. ఇంజను తిరుగుడు ఈ పట్టీ పట్టుకొనే చక్రాలకు పోతది. పెడలు తొక్కితే ఇడుస్తది. కాలు తీస్తే పట్టుకుంటది. చూడు, పట్టీ అరిగిపోయి మేకులు తేలినయి. ఇగ ఏం పట్టుకుంటది?"

"అరుగుడెందుకు?"

"సగం తొక్కితే అరుగుతది. అప్పుడు అది గట్టిగ పట్టుకోదు, పూర్తిగ ఇడువదు. ఊకె రాసుకుంటుంటది. రాసుకుంటే వేడి. వేడికి మాడుతది."

అంజవ్వ వంగి పట్టీని వేలితో తడిమింది. "మా ఊరి బియ్యం మిల్లుల తోలుపట్టా ఢీలా అయితే చక్రం మీద జారి వాసనొస్తది. గట్లనా?"

వజీర్ ఉస్తాద్ మొహం విప్పారింది. "బరాబర్ చెప్పినవమ్మా! అచ్చం గట్లనే." తర్వాత కాశీరాం వైపు తిరిగాడు. "పటేలా, ఎడమకాలు యాడ పెట్టి నడుపుతుంటివి?"

కాశీరాం గొణిగాడు. "పెడలు మీదనే. ఎప్పుడు అవసరమొస్తదో అని."

"కాలు బరువు చాలు దానికి. నువ్వు తొక్కలే అనుకుంటవు, అది జర జర ఇడుస్తనే ఉంటది. గేరు మార్చినంక కాలు తీసి కింద పెట్టాలె."

"మరి ఆ హరనాథబాబు నాకు అరిగినదే అంటగట్టిండా?"

"సగం ఆయన దగ్గరనే అరిగి ఉంటది. నెల తిరగకముందే ఇంత అరిగిందంటే నీ ఒక్కనితోని కాదు. పాతబండి కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలె. చేతి బ్రేకు గట్టిగ గుంజి, పెద్ద గేరేసి, ఎక్సలేటరు ఇస్తా మెల్లగ క్లచ్చి ఇడువాలె. క్లచ్చి మంచిదైతే ఇంజను గక్కున ఆగిపోతది. ఆగకుండ తిరుగుతనే ఉంటే పట్టీ పోయినట్టు. నువ్వేం చూసినవు?"

కాశీరాం నేల చూపులు చూస్తూ, "రంగు చూసిన" అన్నాడు.

అంజవ్వ పకాలున నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు వచ్చాయి. పెళ్ళింటి ఆడవాళ్ళు ఏమైందోనని పెరట్లోకి తొంగిచూశారు. ఆ నవ్వు విని గంగామణి చేతిలోని పని వదిలేసి గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. పక్షం రోజులుగా ఆమె ఎదురుచూస్తున్న చప్పుడు అదే. కాశీరాం కూడా మొదట చిన్నబోయి, తర్వాత అక్కను చూసి తనూ నవ్వేశాడు.

కొత్త పట్టీ హైదరాబాదు నుంచి తెప్పించి బిగించేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోపు కాశీరాం ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున పెద్ద కొడప్‌గల్‌కు నడిచిపోయి, సాయంత్రానికి తిరిగి వచ్చాడు. అంజవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"లక్‌పతి ఇంటికి పోయిన."

చేట ఆగింది.

"ఎద్దుల్ని మళ్ళ ఇయ్యమని అడిగిన. ఎక్కువిస్తనన్న. ఇయ్యనన్నడు. ఆయన ముసలితండ్రికి వాటిమీద పానమంట. చేతులు జోడించి అడిగిన అక్కా. ఇయ్యలే."

"మంచిగ సూస్తుర్రా?"

"నేను పోయేసరికి ఆ ముసలాయన వాగుల కడుగుతుండె. కొమ్ములకు నూనె రాసి ఉన్నది. మెడకు కొత్త గంటలు కట్టిండ్రు. నిన్ను ఎప్పుడన్న వచ్చి చూసి పొమ్మన్నడు."

అంజవ్వ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "అడిగినవు గదా. చాలు" అంది. "ఇగ మళ్ళ అడగకు. వాళ్ళ కొట్టం ఖాళీ చేసుడు మనకెందుకు?"

కాశీరాం ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "మోటారు అమ్ముదామా? ఉంచుదామా? నువ్వెట్లంటే గట్ల. నేనొచ్చింది గది అడగనీకే."

లోపల నుంచి గంగామణి కూడా వచ్చి స్తంభం పక్కన నిలబడింది. అంజవ్వ ఇద్దరినీ చూసింది.

"అమ్ముడెందుకు? నడుపుడు ఇప్పుడేనాయె నేర్చుకున్నది. వానలు పడకముందు ఒక కోడెల జత కొందాం, కచ్చరం చేపిద్దాం. ఆడోళ్ళం మా తిరుగుడు మేం తిరుగుతం. నీ మోటారు నీకుంటది." చేట పక్కన పెట్టింది. "కాని మోటారు బాగయినంక నన్ను ఒక్క జాగకు తీస్కపోవాలె."

"యాడికి?"

"మా ఊరికి."

కాశీరాంకు వెంటనే అర్థం కాలేదు.

"ఎండకాలం నీళ్ళు గుంజుకపోతే ఊరు తేలుతదంటరు" అంది అంజవ్వ. "తొమ్మిదేండ్ల సంది ఇంటున్న. ఒక్కసారి పోదామని నేను గూడ నిన్ను అడగలే. నీకు పనులుండె. అడిగితే కాదంటవేమోనని నేను గూడ బయపడ్డ."

వైశాఖం చివర్లో ఒక తెల్లవారుజామున ఇద్దరూ బయలుదేరారు. గంగామణి రొట్టెలు కట్టి ఇచ్చింది. ఇంజనులో పోయడానికి నీళ్ళకని ఒక ఇత్తడి చెంబు పెట్టుకున్నారు. గేరు మార్చిన ప్రతిసారీ కాశీరాం ఎడమకాలును తీసి కింద పెట్టాడు. అంజవ్వ ఓరగా చూసి, "పెట్టినవా?" అనేది. "పెట్టిన" అనేవాడు. ఎత్తులన్నీ బండి నవ్వుతూ ఎక్కింది. చల్లటి గాలికి అంజవ్వ తల మీది కొంగు జారి నెరిసిన జుట్టు రేగింది. ఆమె సర్దుకోలేదు.

"ఇంకింత ఉరికియ్యి" అంది.

ఆనకట్ట దాటి, నీళ్ళు ఒదిగిన వైపు బండిబాట పట్టుకుని పోయి, బాట ముగిసిన చోట మోటారు ఆపారు. అక్కడి నుంచి నడక. బీటలు వారిన ఒండ్రు మీద అంజవ్వ చెప్పులు చేతబట్టుకుని నడిచింది. మొదట ఏమీ ఆనవాలు దొరకలేదు. తర్వాత రెండు రాతి స్తంభాలు కనిపించాయి. "మోటబాయి!" అంది. అక్కడి నుంచి ఆమె కాళ్ళకు దారి తెలిసిపోయింది. "ఇది కుమ్మరోళ్ళ ఇల్లు. ఇది మా యారాలిది, మీ బావ అన్న ఇల్లు. ఇటు, ఇటు..."

మొలలోతు గోడల మొదళ్ళ మధ్య ఒండ్రులో సగం కూరుకుపోయిన పొడవాటి రాయి ఒకటి ఉంది. అంజవ్వ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీసింది. కాశీరాం కూడా కూర్చుని తీశాడు. గడప రాయి. చిన్నప్పుడు పండక్కి వచ్చినప్పుడల్లా ఆ రాయి మీద కూర్చుని బావ ఇచ్చిన చెరుకుముక్కలు నమిలేవాడు.

అంజవ్వ కొంగుతో ఆ రాయిని శుభ్రంగా తుడిచింది. కాసేపు దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు ధారగా కారాయి. కానీ మొహంలో దుఃఖం లేదు, ఎక్కడో పోగొట్టుకున్నది చేతికి తగిలినట్టు ఉంది. కాశీరాం ఆమె పక్కన నిలబడి అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె లేచింది. "కూసో" అంది గడప చూపిస్తూ.

"అక్కా, జర నువ్వు కూసో..."

"నా ఇంటికొచ్చినవు. కూసొమ్మంటున్న గదా."

కాశీరాం కూర్చున్నాడు. అంజవ్వ అతను మోటారులోంచి తెచ్చిన చెంబు తీసుకుని, పాతిక అడుగుల దూరంలో ఉన్న నీళ్ళ ఒడ్డుకు నడిచింది. చెంబు తోమి, నింపి, కొంగుతో అంచు తుడిచి తెచ్చింది. రెండు చేతులతో తమ్ముని ముందు పట్టుకుంది.

"ఇంటికొచ్చినోనికి ముందుగాల నీళ్ళియ్యాలె" అంది. "రొట్టె తర్వాత తిందువు గాని."

నీళ్ళు గోరువెచ్చగా, మట్టివాసనగా ఉన్నాయి. కాశీరాం చెంబు దించకుండా అడుగుదాకా తాగాడు.

"ఇంకిన్ని తేవాల్నా?" అని అడిగింది అంజవ్వ.

"తే" అన్నాడు.